ఇంటర్మీడియట్‌తో ఆగిపోతుందా బహిష్టు?

మన కృష్ణా జిల్లాలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఊరంతటికీ తెలుస్తుంది. చిమ్మిలి పంచుతారు. ఉన్నవాళ్ళు దర్జాగా, లేనివాళ్ళు అప్పు చేసి ఓణీల ఫంక్షన్ జరిపిస్తారు. తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు దాకా, ఇటు గుడివాడ దాకా, అటు దివిసీమ దాకా రోడ్డు పక్కన ఫ్లెక్సీలు కడతారు. పన్నెండు పదమూడేళ్ళ పిల్ల బొమ్మ పక్కన నాయకుల బొమ్మలు కూడా నవ్వుతూ ఉంటాయి. ఇంత ఆర్భాటంగా లోకానికి చాటిన సంగతి మరుసటి నెల నుంచి పేరు పెట్టి చెప్పకూడని సంగతి అయిపోతుంది. బయట ఉంది, దూరంగా ఉంది, ఒంట్లో బాగాలేదు అంటూ అన్నీ చాటు మాటలే. బహిష్టు అన్న మాటలోనే మనిషిని బయట పెట్టడం ఉంది. ఆ పిల్లకు రక్తం ఎక్కువ పోతోందా, కడుపునొప్పితో తరగతిలో కూర్చోగలుగుతోందా అన్నది ఆ తర్వాత ఎవరికీ పట్టదు. పిల్ల పెళ్ళికి ఎదిగిందని చాటడం వరకే ఆ పండుగ. ఆమె ఆరోగ్యంతో దానికి సంబంధం లేదు.

మన ప్రభుత్వాల తీరు కూడా ఇంతకంటే గొప్పగా లేదు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఆశా కార్యకర్తల చేత ఆరు ప్యాడ్ల ప్యాకెట్టు ఆరు రూపాయలకు అమ్మించే పథకం పెట్టింది. అది 10 నుంచి 19 ఏళ్ళ గ్రామీణ బాలికలకు. ఆ తర్వాత వారానికొక ఐరన్ మాత్ర ఇచ్చే పథకం వచ్చింది. బడికి వెళ్ళే పిల్లలకు బడిలో, బడి మానేసిన ఆడపిల్లలకు అంగన్‌వాడీలో ఇమ్మన్నారు. 2021 అక్టోబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రభుత్వ బడుల్లో, జూనియర్ కాలేజీల్లో, ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు అది వర్తించింది. 2024లో కేంద్రం ఆమోదించిన రుతు పరిశుభ్రత విధానం పేరులోనే ‘బడికి వెళ్ళే బాలికలు’ అని ఉంది. 2026 జనవరి 30న సుప్రీంకోర్టు డాక్టర్ జయా ఠాకూర్ వేసిన కేసులో చాలా పెద్ద మాట చెప్పింది. రుతు ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంది. ఆదేశాలు మాత్రం బడుల వరకే ఇచ్చింది. కేసే బడిపిల్లల గురించి కాబట్టి ఆ తీర్పు అక్కడ ఆగింది.

వీటిలో ఏ ఒక్కటీ వద్దని ఎవరూ అనరు. ఒక్కొక్క దాని వెనకా స్త్రీల సంఘాల ఏళ్ళ తరబడి కృషి ఉంది. కానీ ఇవన్నీ వచ్చి ఒకే గుమ్మం ముందు ఆగిపోయాయి. ఆ గుమ్మం ఇంటర్మీడియట్. మరి ఇంటర్ పాసైన పిల్లకు బహిష్టు ఆగిపోతుందా? జీవించే హక్కు పన్నెండో తరగతి మార్కుల జాబితాతో ముగిసిపోతుందా?

డిగ్రీ పిల్ల ఏ చిట్టాలోనూ లేదు

ఇంటర్ దాటి డిగ్రీలో, ఇంజనీరింగ్‌లో, పీజీలో చేరిన పిల్ల పరిస్థితి చూద్దాం. తోట్లవల్లూరు మండలంలో అరటి, చెరకు, పసుపు తోటల్లో కూలికి వెళ్ళే తల్లి కూతురు అనుకోండి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల తనే. పొద్దున్నే బస్సెక్కి ఉయ్యూరుకో, విజయవాడకో, బందరుకో పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. మంచిదే. బస్సు దిగాక ఏముంది? కాలేజీలో ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందా? నీళ్ళు వస్తున్నాయా? వాడిన ప్యాడ్ పడేయడానికి మూత ఉన్న బుట్ట ఉందా? లేకపోతే ఆ పిల్ల ఏం చేస్తుందో మనందరికీ తెలుసు. పొద్దున కట్టుకున్న ప్యాడ్‌తోనే సాయంత్రం దాకా ఉంటుంది. మంచినీళ్ళు తాగడం మానేస్తుంది. ఆ మూడు రోజులూ కాలేజీకే వెళ్ళకుండా ఉంటుంది.

హాస్టల్లో ఉన్న పిల్లకు ఇంకో రకం తిప్పలు. నీళ్ళు వచ్చే వేళలు వార్డెన్ చేతిలో ఉంటాయి, బయటకు వెళ్ళే వేళలూ వార్డెన్ చేతిలోనే ఉంటాయి. రాత్రి తొమ్మిదికి నొప్పి మొదలైతే పక్క గదిలో ఎవరి దగ్గర మాత్ర ఉందో వెతుక్కోవాలి. హాస్టళ్ళలో చేతులు మారే ఆ మాత్రల్లో మెఫెనమిక్ ఆసిడ్ ఉన్నవి ఎక్కువ. 2023 నవంబరు చివర్లో భారత ఔషధ ప్రమాణాల సంఘం ఈ మందు గురించి హెచ్చరిక జారీ చేసింది. దీనివల్ల అరుదుగానైనా తీవ్రమైన ఎలర్జీ రావచ్చు, గమనించమని డాక్టర్లకూ రోగులకూ చెప్పింది. మందును నిషేధించలేదు, చాలామందికి అది ఉపశమనం ఇస్తుంది కూడా. కానీ డాక్టరు మొహం చూడకుండా, ఎన్ని వేసుకోవాలో ఎవరూ చెప్పకుండా నెలనెలా మింగుతున్న పిల్లల దాకా ఆ హెచ్చరిక చేరే దారేది?

బాలల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం 18 ఏళ్ళకు ఆగుతుంది. కిశోర బాలికల కార్యక్రమం 19కి ఆగుతుంది. గర్భిణి అయితే మళ్ళీ అంగన్‌వాడీ పుస్తకంలో పేరు ఎక్కుతుంది. మధ్యలో చదువుకునే ఆ నాలుగైదేళ్ళు ఆమె శరీరం ఎవరి లెక్కలోనూ గట్టిగా లేదు. ఆడదాని ఆరోగ్యం అంటే పిల్లల్ని కనడమే అనుకునే పాత బుద్ధి ఈ ఖాళీలో కనిపిస్తుంది.

ప్యాకెట్టే వైద్యమా?

ఇక్కడ ఇంకో మాట కూడా తేల్చుకోవాలి. కాలేజీ పిల్లలకు కూడా ప్యాడ్లు ఇస్తే సరిపోతుందా? సరిపోదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో సుమారు 85 శాతం మంది పరిశుభ్రమైన పద్ధతులు వాడుతున్నారు. అంతకుముందుతో పోలిస్తే బాగా పెరిగింది. ఈ అంకె చూపించి సమస్య తీరిపోయిందనే అధికారులు ఉన్నారు. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ప్యాడ్ రక్తాన్ని పీల్చుకుంటుంది. ఎంత రక్తం పోతోందో, పోయినదాన్ని తిరిగి పూడ్చుకోవడానికి తిండి ఉందో లేదో అది చెప్పదు.

నెలసరి ఏడు రోజులు దాటుతున్నా, రెండు గంటలు కాకముందే ప్యాడ్ మార్చుకోవాల్సి వస్తున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా డాక్టరుకు చూపించుకోవాలి. ఈ చిన్న విషయం మన డిగ్రీ కాలేజీల్లో ఎంతమంది పిల్లలకు ఎవరైనా చెప్పారు? ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో పదిమందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట పెరిగి, భరించలేని నొప్పి పుట్టిస్తుంది. అండాశయాలకు సంబంధించిన పి.సి.ఓ.ఎస్. ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా తమకు ఆ జబ్బు ఉందనే తెలియకుండా ఉన్నారని ఆ సంస్థే చెబుతోంది. ఈ జబ్బుల లక్షణాలు చాలామందిలో చదువుకునే వయసులోనే బయటపడతాయి. అప్పుడే గుర్తిస్తే బాధ తగ్గించే మార్గాలున్నాయి. కానీ మన పిల్ల వినే మాట ఒకటే: ‘అందరికీ ఉండేదే. పెళ్ళయితే పోతుంది.’

ఈ నిర్లక్ష్యం ఎక్కడికి దారితీస్తుందో మన రాష్ట్రానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 3 మందికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది నూటికి దాదాపు 9. ఇరవై ఏళ్ళప్పుడు నొప్పి అంటే పట్టించుకోని వ్యవస్థ, ముప్పై దాటాక రక్తస్రావం అంటే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తోంది. ఈ రెండింటి మధ్యా ఆమె మాట విని, పరీక్ష చేసి, విషయం వివరించే డాక్టరు ఒక్కరు కూడా ఆమెకు తటస్థపడటం లేదు. అనవసరంగా గర్భసంచి తీసేసే ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ఆపరేషన్ థియేటర్ దగ్గర కాపలా పెట్టడం అవసరమే. కానీ ఆ దారి కాలేజీ రోజుల్లోనే మొదలవుతోంది కదా! 1990ల తొలినాళ్ళలో ‘సవాలక్ష సందేహాలు’ లాంటి పుస్తకం తెచ్చిన స్త్రీల ఉద్యమం మనది. మన శరీరం గురించి తెలుసుకోవడం మన హక్కు అన్న ఆ ఎరుకను ప్యాకెట్టు పంపిణీ దగ్గరకు కుదించుకోకూడదు.

కొన్ని స్వచ్ఛంద సంస్థల తీరు కూడా మాట్లాడుకోవాలి. 2014 నుంచి మే 28ని ప్రపంచమంతా రుతు పరిశుభ్రతా దినంగా పాటిస్తున్నారు. మనకు అది వేసవి సెలవుల కాలం. కాలేజీలో పిల్లలే ఉండరు. అయినా బ్యానరు కడతారు, దొరికినవాళ్ళను కూర్చోబెడతారు, ప్యాకెట్టు చేతికిస్తూ ఫోటో దిగుతారు. కాలేజీ తెరిచాక కంపెనీల వాళ్ళు మొదటి సంవత్సరం తరగతికి వచ్చి అవగాహన పేరుతో తమ సరుకు గురించి చెప్పి పోతారు. ఇవేవీ మరుగుదొడ్డి తలుపుకు గడియ పెట్టవు. నివేదికలో లబ్ధిదారుల సంఖ్య మాత్రం నిండుతుంది.

హాజరు పట్టీలో నొప్పికి చోటు లేదు

మన విశ్వవిద్యాలయాల్లో పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. సెమిస్టరుకు 90 పనిదినాలు అనుకుంటే మానుకోగలిగినవి 22 రోజులు. బాధ ఎక్కువగా ఉండే పిల్ల నెలకు రెండు రోజులు ఆగిపోయిందనుకోండి, నాలుగు నెలల్లో 8 రోజులు. అంటే మగపిల్లవాడికి జ్వరం వస్తేనో, ఇంట్లో చావో పెళ్ళో అయితేనో వాడుకోవడానికి ఉన్న వెసులుబాటులో మూడో వంతుకు పైగా ఈమెకు మొదటే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత జ్వరం వస్తే హాజరు తగ్గుతుంది. అప్పుడు చాలా చోట్ల డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి, కండోనేషన్ ఫీజు కట్టి, దయ చూపమని అర్జీ పెట్టుకోవాలి. సర్టిఫికెట్టుకు డబ్బు, ఫీజుకు డబ్బు. ఆడదై పుట్టినందుకు కట్టే జరిమానా కాక ఇది మరేమిటి? ఎన్.సి.సి. శిబిరానికి వెళ్ళినవాళ్ళకు, క్రికెట్ ఆడటానికి వెళ్ళినవాళ్ళకు హాజరు కలపడం మన కాలేజీలకు బాగా తెలుసు. ఆ రూళ్ళు రాసిన చేతులకు ఇది రాయడం తెలియక కాదు.

ఇది కొత్తగా పుట్టిన కోరిక కూడా కాదు. 1912లోనే కొచ్చి సంస్థానంలోని త్రిపుణితుర ప్రభుత్వ బాలికల పాఠశాలలో వార్షిక పరీక్షల సమయంలో బహిష్టు అయిన పిల్లలకు సెలవిచ్చి, తర్వాత పరీక్ష రాయనిచ్చారు. 1992లో బీహారు ప్రభుత్వం ఉద్యోగుల సమ్మె తర్వాత మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది.

ఇటీవలి విద్యార్థుల పోరాటం కూడా కేరళలోనే ఫలించింది. 2023 జనవరిలో కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థినులకు ప్రతి సెమిస్టరులో హాజరు నిబంధనలో 2 శాతం అదనపు సడలింపు ఇచ్చింది. నమితా జార్జ్ అధ్యక్షురాలిగా ఉన్న విద్యార్థి సంఘం అడిగి సాధించుకున్న హక్కు అది. కొద్ది రోజుల్లోనే కేరళ ప్రభుత్వం దాన్ని ఉన్నత విద్యా శాఖ కింద ఉన్న విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తింపజేసింది. అక్కడి ఆడపిల్లకు 73 శాతం హాజరుంటే చాలు. నిజానికి 2 శాతం అంటే 90 రోజుల సెమిస్టరులో రెండు రోజులు కూడా కాదు. అయినా ఒక విశ్వవిద్యాలయం తన రూళ్ళ పుస్తకంలో బహిష్టు అన్న మాట రాసుకుంది. ఆ మాట రాశాక ఇంకా అడగడానికి వీలు కుదిరింది.

ఢిల్లీలోనూ విద్యార్థినులే ముందు నడిచారు. 2017లో శానిటరీ న్యాప్‌కిన్ల మీద 12 శాతం జి.ఎస్.టి. వేసినప్పుడు జె.ఎన్.యు. పరిశోధక విద్యార్థిని జర్మినా ఇస్రార్ ఖాన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. దేశమంతా స్త్రీలు గొంతు కలిపారు. 2018 జులైలో జి.ఎస్.టి. కౌన్సిల్ ఆ పన్ను ఎత్తేసింది. సముద్రాల అవతల స్కాట్లాండ్ 2018 నుంచే బడులతో పాటు కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో కూడా ఈ వస్తువులు ఉచితంగా అందించింది. 2020 నవంబరులో పార్లమెంటు ఏకగ్రీవంగా చట్టం చేసింది, 2022 ఆగస్టు 15 నుంచి అది అమల్లోకి వచ్చింది. విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గర వాళ్ళు ఆగలేదు.

మన దగ్గర ఎందుకు జరగలేదు? మన పిల్లలకు ధైర్యం లేక కాదు. 2024 ఆగస్టు 29 రాత్రి గుడివాడ, బందరు మధ్య ఉన్న గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థినులు రోడ్డెక్కారు. హాస్టల్ స్నానాల గదుల్లో రహస్య కెమెరాలు ఉన్నాయన్నది వాళ్ళ ఆరోపణ. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. కెమెరాలు దొరకలేదని పోలీసులు ఆ తర్వాత ప్రకటించారు. ఆ విచారణ సంగతి అలా ఉంచి ఒక విషయం ఆలోచించండి. స్నానాల గది గురించి తమకున్న భయాన్ని చెప్పుకోవడానికి ఆ పిల్లలకు అర్ధరాత్రి రోడ్డు తప్ప మరో చోటు ఎందుకు కనిపించలేదు? కేరళలో పిల్లలు ఓటేసి ఎన్నుకున్న సంఘం ఉంది, దానికి అధికారులతో కూర్చుని మాట్లాడే స్థానం ఉంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. ఆ తర్వాత పుట్టినవాళ్ళకు ఇప్పుడు పిల్లలు పుట్టి వాళ్ళూ కాలేజీకి వస్తున్నారు. ఎన్నికైన ప్రతినిధి లేని చోట ఆడపిల్ల వెళ్ళి ప్రిన్సిపాల్ గదిలో ఒంటరిగా నిలబడి ‘సార్, మా బాత్‌రూమ్‌లో నీళ్ళు రావడం లేదు’ అని చెప్పాలి. ఎంతమంది చెబుతారు?

అభ్యంతరాలకు జవాబు

మొదటి అభ్యంతరం మన మిత్రులదే. ప్రత్యేక సడలింపు అడిగితే ఆడవాళ్ళు బలహీనులని మనమే ఒప్పుకున్నట్టు కాదా అంటారు. 2023 డిసెంబరులో అప్పటి కేంద్ర మంత్రి స్మృతి ఇరానీ రాజ్యసభలో ఇదే ధోరణిలో మాట్లాడారు. రుతుస్రావం వైకల్యం కాదని, దానికి వేతన సెలవు అక్కర్లేదని ఆవిడ అభిప్రాయం. 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా సెలవును తప్పనిసరి చేస్తే యజమానులు ఆడవాళ్ళను పనిలో పెట్టుకోరేమో అన్న భయం వెలిబుచ్చింది. ఉద్యోగాల విషయంలో ఆ భయాన్ని తీసిపారేయలేం. దానిపై మన సంఘాల్లోనే వాదోపవాదాలు సాగుతున్నాయి, సాగాలి. కానీ విద్యార్థిని ఉద్యోగి కాదు. ఆమెకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు. ఆమె రెండు రోజులు రాకపోతే ఏ యజమానికీ పైసా నష్టం లేదు. పైగా సీటు మార్కులతో వస్తుంది కాబట్టి ఈ కారణం చూపి ఆమెను కాలేజీలో చేర్చుకోకుండా ఉండటం కుదరదు. ఉద్యోగినుల విషయంలో ఉన్న చిక్కును తెచ్చి విద్యార్థినుల హక్కుకు అడ్డం పెట్టడం న్యాయం కాదు. ఇక బలహీనత మాట అంటారా, జబ్బు చేసిన మగపిల్లవాడు సర్టిఫికెట్ పెడితే మగజాతి అంతా బలహీనమని ఎవరూ అనరు.

రెండోది, దుర్వినియోగం చేస్తారు, రుజువు అడగాలి అనే వాదన. రుజువు అడగడం మొదలుపెడితే అది ఎక్కడికి పోతుందో చూశాం. 2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని భుజ్‌లో ఒక మహిళా కళాశాల హాస్టల్‌లో బహిష్టు నియమాలు పాటించలేదన్న అనుమానంతో 68 మంది పిల్లల బట్టలు విప్పించి పరీక్ష చేశారు. 2025 అక్టోబరులో హర్యానాలోని రోహ్‌తక్‌లో మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయంలో పారిశుధ్య కార్మికురాళ్ళను రుజువుగా ఫోటోలు చూపించమన్నారన్న ఆరోపణ వచ్చింది. పోలీసు కేసు నమోదైంది, సూపర్‌వైజర్లు సస్పెండయ్యారు. అందుకే సడలింపు అందరికీ ఒకేలా, ఏ కాగితం అడగకుండా, ఎవరికీ చెప్పుకునే పని లేకుండా ఉండాలి. కొంతమంది అవసరం లేకున్నా వాడుకుంటే వాడుకోనివ్వండి. ఆడపిల్లలందరినీ అవమానించడం కంటే అది చాలా చిన్న నష్టం.

మూడోది డబ్బు. ‘స్వేచ్ఛ’ మొదలైనప్పుడు పది లక్షల మందికి పైగా బాలికలకు ఏడాదికి సుమారు 32 కోట్ల రూపాయలని ప్రభుత్వమే చెప్పింది. అంటే పిల్లకు ఏడాదికి దాదాపు 320 రూపాయలు. ఈ లెక్కన 500 మంది ఆడపిల్లలున్న కాలేజీకి ఏడాదికి లక్షా అరవై వేలు. పిల్లల దగ్గర రకరకాల ఫీజులు వసూలు చేసే యాజమాన్యాలు ఈ మాత్రం పెట్టలేమంటే నమ్మాలా? న్యాక్ బృందం వస్తుందంటే స్త్రీ పురుష సమానత్వం కింద చూపించడానికి ఆడపిల్లల విశ్రాంతి గదికి సున్నం వేయించడానికి డబ్బు దొరుకుతుంది. బృందం వెళ్ళాక ఆ గదికి తాళం ఎందుకు పడుతుందో అడగాలి.

చివరిది, ఇది నలుగురిలో మాట్లాడే విషయమా అన్నది. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద లేచినప్పుడు కూడా ఇంటి గొడవ వీధిలో పెడతారా అన్నారు. వీధిలో పెట్టారు కనుకనే ఆ ఉద్యమం ప్రభుత్వాన్ని కదిలించింది. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కట్టినప్పుడు లేని సిగ్గు, కాలేజీలో నీళ్ళు అడిగేటప్పుడు ఎందుకు రావాలి?

ఏం అడగాలి, ఎవరిని అడగాలి

ఒక్కో కాలేజీని విడిగా బతిమాలుకునే పని లేదు. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని అనుబంధ కాలేజీలు జిల్లా అంతటా ఉన్నాయి. అనుబంధం ఇవ్వడానికి విశ్వవిద్యాలయం షరతులు పెడుతుంది, తనిఖీలు చేస్తుంది. గ్రంథాలయం ఉందా, ప్రయోగశాల ఉందా అని చూసేవాళ్ళు ఆడపిల్లల మరుగుదొడ్డి కూడా చూడాలి. విశ్వవిద్యాలయం ఒక్క ఉత్తర్వు ఇస్తే గుడివాడలో, అవనిగడ్డలో, ఉయ్యూరులో పిల్లలందరికీ వర్తిస్తుంది. లైంగిక వేధింపులపై ఫిర్యాదుల కమిటీ ప్రతి ఉన్నత విద్యా సంస్థలో ఉండాలని 2015లో యు.జి.సి. నిబంధన తెచ్చింది. ఆరోగ్యానికి కూడా అలాంటి కట్టుబాటు కావాలి.

కాబట్టి అడగవలసినవి ఇవి:

ఒకటి, ప్రతి కాలేజీలో, హాస్టల్లో గడియ, నీళ్ళు, సబ్బు, మూత ఉన్న బుట్టతో మరుగుదొడ్లు ఉండాలి. కాలేజీ వేళల్లో వాటికి తాళం పడకూడదు. పరీక్ష హాలు నుంచి మరుగుదొడ్డికి వెళ్ళే హక్కు రూళ్ళలో రాయాలి.

రెండు, వారానికి ఒకరోజు మహిళా డాక్టరు కాలేజీకి రావాలి. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో ఏర్పాటు చేసుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లు రక్త పరీక్ష చేయాలి. రక్తహీనత ఉన్నవాళ్ళకు మాత్రలు, హాస్టల్ భోజనంలో తగిన తిండి ఇవ్వాలి. పరీక్ష వివరాలు తల్లిదండ్రులకో, వార్డెన్‌కో చేరకూడదు.

మూడు, హాజరులో సడలింపు ఇవ్వాలి. కేరళ ఇచ్చిన 2 శాతం దగ్గర మొదలుపెడదాం, అక్కడ ఆగవద్దు. దీనికి సర్టిఫికెట్, ఫీజు అడగకూడదు.

నాలుగు, ప్యాడ్లు ఉచితంగా, అడగకుండా తీసుకునే చోట పెట్టాలి. గుడ్డ ప్యాడ్లు, కప్పులు వాడదలచినవాళ్ళకు అవీ ఇవ్వాలి.

ఐదు, ఆ చెత్త ఎత్తే మనిషిని మరిచిపోకూడదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు వాడిన ప్యాడ్లు చుట్టి పడేయడానికి కవర్లు కంపెనీలే ఇవ్వాలన్నాయి. అయినా మన హాస్టళ్ళలో ఉత్త చేతులతో ఆ చెత్త తీస్తున్నది ఎక్కువగా దళిత స్త్రీలే. చేతి తొడుగులు, సరైన జీతం, పని చేసే ఇన్సినరేటర్ లేకుండా ఆడపిల్లల హక్కు గురించి మాట్లాడితే అది పై కులాల ఆడపిల్లల సౌకర్యంగా మిగిలిపోతుంది.

ఆరు, ఈ పనులు చూసే కమిటీలో సగం మంది విద్యార్థినులు ఎన్నుకున్నవాళ్ళై ఉండాలి. ఒక పారిశుధ్య కార్మికురాలు కూడా సభ్యురాలిగా ఉండాలి.

పని మొదలుపెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. మీ మండలం నుంచి బస్సెక్కి కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలను కలవండి. వాళ్ళు ఏయే కాలేజీల్లో చదువుతున్నారో జాబితా రాయండి. ఒక్కొక్క కాలేజీలో మరుగుదొడ్లు ఎన్ని, నీళ్ళు ఏ వేళ వస్తాయి, గడియలు ఎన్నింటికి ఉన్నాయి, కిందటి సెమిస్టరులో ఎంతమంది ఆడపిల్లలు కండోనేషన్ ఫీజు కట్టారు అన్నవి పిల్లల చేతే లెక్కపెట్టించండి. ఆ చివరి లెక్క కాలేజీ ఇవ్వకపోతే ప్రభుత్వ కాలేజీలను, విశ్వవిద్యాలయాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఆ కాగితాలతో, ఆ పిల్లలతో కలిసి బందరు వెళ్ళి రిజిస్ట్రారును కలవాలి. మాట్లాడేది పిల్లలే. మనం వాళ్ళ వెనక నిలబడాలి. వచ్చే విద్యా సంవత్సరం హాజరు నిబంధనలు అచ్చయ్యేలోపు ఈ పని జరగాలి.